భాగం 4: ప్రసార విద్య, ప్రసార వృత్తులు – చారిత్రక పరిణామం

4.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
– భారతదేశంలో ప్రసార రంగంలో పనిచేసేవారు ఆ పనిని ఎక్కడ, ఎలా నేర్చుకున్నారో వివరించగలుగుతారు.
– ప్రసార విద్య విశ్వవిద్యాలయాల్లోకి వచ్చిన దశలను గుర్తించగలుగుతారు.
– 1995 నాటి సుప్రీంకోర్టు తీర్పుకు, సామాజిక రేడియోకు ఉన్న సంబంధాన్ని తెలుసుకుంటారు.
– డిజిటల్ యుగంలో ఒక కోర్సును, ఒక వృత్తిని ఎంచుకునే ముందు ఏమేమి చూడాలో నిర్ణయించుకోగలుగుతారు.

4.1 ప్రస్తావన

రేడియోలోనో, టీవీలోనో, ఇంటర్నెట్ మాధ్యమంలోనో పనిచేయాలనుకునే విద్యార్థి సాధారణంగా మొదట అడిగే ప్రశ్న "ఏ కోర్సు చేయాలి?" అన్నది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు మరో ప్రశ్న వేసుకోవడం అవసరం. ఇప్పటివరకు ఈ పని చేసినవారు దాన్ని ఎక్కడ నేర్చుకున్నారు?

ఈ రెండో ప్రశ్నకు చరిత్రే జవాబు చెబుతుంది. మన దేశంలో ప్రసారాలు మొదలై దాదాపు నూరేళ్లయింది. ఈ కాలంలో యంత్రాలు అనేకసార్లు మారాయి. మైకు ముందుకు ఎవరు రావచ్చు అనే నియమం కూడా మారింది. మొదట స్టూడియోలో ఉద్యోగం ఉన్నవారే రాగలిగారు. తరువాత విశ్వవిద్యాలయంలో సీటు దొరికినవారు వచ్చారు. ఆ తరువాత లైసెన్సు పొందిన సంస్థలకు అవకాశం కలిగింది. ఇప్పుడు చేతిలో ఫోను ఉంటే చాలు. అవకాశం ఇలా విస్తరించిన ప్రతిసారీ "అసలు నేర్చుకోవలసింది ఏమిటి?" అనే ప్రశ్న మళ్లీ తలెత్తింది. ఈ భాగంలో మనం ఆ ప్రశ్ననే అనుసరిద్దాం.

4.2 స్టూడియోయే బడి (1924–1950)

భారతదేశంలో రేడియో ప్రభుత్వంతో మొదలుకాలేదు. 1924లో మద్రాసులో ఔత్సాహికులు మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించి ప్రసారాలు చేశారు. డబ్బు చాలక 1927లో అది ఆగిపోయింది. క్లబ్బు ట్రాన్స్‌మిటర్ మద్రాసు నగరపాలక సంస్థకు చేరింది. అదే సంవత్సరం బొంబాయి, కలకత్తాల్లో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ కేంద్రాలు తెరిచింది. 1930లో అదీ మూతపడింది. ఆ తరువాత ప్రభుత్వం ప్రసార బాధ్యతను తీసుకుంది. 1936 జూన్‌లో ఆ సేవకు ఆల్ ఇండియా రేడియో అని పేరు పెట్టారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. "ఆకాశవాణి" అనే పేరు ప్రభుత్వ కార్యాలయంలో పుట్టింది కాదు. మైసూరులో మనస్తత్వశాస్త్రం బోధించే ఆచార్యుడు ఎం.వి. గోపాలస్వామి 1935లో తన ఇంట్లోనే ఒక చిన్న ట్రాన్స్‌మిటర్‌తో ప్రసారాలు ప్రారంభించారు. ఆ కేంద్రం ఆ పేరుతో ప్రసిద్ధి పొందింది. తరువాత అది దేశమంతటి రేడియోకూ పేరయింది. అంటే, ప్రసార విద్య పాఠ్యాంశంగా లేని రోజుల్లోనే ఒక అధ్యాపకుడు ప్రసారకుడయ్యాడు.

తెలుగు శ్రోతల విషయానికి వస్తే, హైదరాబాదులో నిజాం ప్రభుత్వ ఆధ్వర్యంలో దక్కన్ రేడియో 1935లో మొదలైంది. అందులో ఉర్దూది ప్రధాన స్థానం. 1938 జూన్ 16న ప్రారంభమైన మద్రాసు కేంద్రం తెలుగు కార్యక్రమాలకు తొలి పెద్ద వేదికయింది. స్వాతంత్ర్యం తరువాత 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. 1950లో దక్కన్ రేడియో ఆకాశవాణిలో కలిసింది. 1947 నాటికి ఆకాశవాణికి ఉన్నవి ఆరు కేంద్రాలు మాత్రమే. దేశ జనాభాలో సుమారు 11 శాతం మందికే ప్రసారాలు అందేవి.

మరి ఈ కేంద్రాల్లో పనిచేసినవారు ఎక్కడి నుంచి వచ్చారు? సాహిత్యం నుంచి, నాటకరంగం నుంచి, బడిపంతుళ్ల వృత్తి నుంచి వచ్చారు. ఇంగ్లీషు అధ్యాపకుడిగా పనిచేసిన బుచ్చిబాబు 1945లో మద్రాసు కేంద్రంలో చేరారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల కార్యక్రమాలతో "రేడియో అన్నయ్య", "రేడియో అక్కయ్య"గా పేరుపొందారు. తరువాత సినీనటుడిగా ప్రసిద్ధుడైన కొంగర జగ్గయ్య ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివారు. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి హైదరాబాదు కేంద్రంలో పనిచేశారు. వీరెవరూ ప్రసార విద్యలో పట్టా తీసుకుని రాలేదు, అప్పటికి అటువంటి పట్టా తెలుగునాట లేదు. మైకుకు ఎంత దూరంలో ఉండాలి, కాగితం చప్పుడు కాకుండా పుట ఎలా తిప్పాలి, పదిహేను నిమిషాల ప్రసంగాన్ని గడియారం ముల్లుతో సమానంగా ఎలా ముగించాలి వంటి మెలకువలను పని చేస్తూనే నేర్చుకున్నారు.

ఈ పద్ధతిలో ఒక బలం, ఒక లోపం ఉన్నాయి. భాష మీద పట్టు, శ్రోత మీద గౌరవం ఉన్నవారు వచ్చారు, అది బలం. అయితే స్టూడియో ఉన్న ఊరికి చేరగలిగినవారికి, లోపలివారి దృష్టిలో పడినవారికి మాత్రమే ఆ విద్య అందింది, అది లోపం.

4.3 విశ్వవిద్యాలయంలోకి ప్రసార విద్య

ఆ లోపాన్ని కొంతవరకు తీర్చింది విశ్వవిద్యాలయమే. 1941లో లాహోరులోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో పత్రికా విద్య మొదలైంది. తెలుగు ప్రాంతంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1954లో జర్నలిజం శాఖను ప్రారంభించింది. అయితే ఈ శాఖలు మొదట పత్రికల కోసం ఏర్పడ్డాయి. వార్త రాయడం, శీర్షిక పెట్టడం, పుట దిద్దడం వాటి ప్రధానాంశాలు. రేడియో ఒక అనుబంధ పాఠంగా ఉండేది.

ప్రసారానికి విడిగా శిక్షణ అవసరమనే గుర్తింపు క్రమంగా వచ్చింది. 1965లో ఢిల్లీలో భారతీయ జనసంచార సంస్థ ఏర్పడింది. పుణెలో 1960లో మొదలైన ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కు 1974లో టెలివిజన్ శిక్షణ విభాగం తోడైంది. 1982లో జామియా మిల్లియా ఇస్లామియాలో మాస్ కమ్యూనికేషన్ పరిశోధన కేంద్రం వచ్చింది. అక్కడి విద్యార్థి కెమెరా పట్టడం, ధ్వని ముద్రించడం, ఎడిటింగ్ చేయడం స్వయంగా చేస్తాడు. తరువాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ ఈ తరహా బోధన ప్రారంభమైంది.

ఈ మార్పుకు కారణం స్పష్టమే. టెలివిజన్ వచ్చాక పని ఒక మనిషితో అయ్యేది కాకుండా పోయింది. రేడియో ప్రసంగానికి ఒక రచయిత, ఒక ఇంజినీరు సరిపోతారు. టీవీ కార్యక్రమానికి నిర్మాత, కెమెరామన్, ధ్వని ముద్రకుడు, ఎడిటర్, లైటింగ్ నిపుణుడు కలిసి పనిచేయాలి. అనేకమంది కలిసి చేసే పనికి ఉమ్మడి పరిభాష కావాలి, క్రమపద్ధతి కావాలి. వాటిని తరగతి గది ఇవ్వగలదు.

అయినా ఆ తరగతి గదుల్లో సీట్లు కొద్ది. ఎక్కువ సంస్థలు పెద్ద నగరాల్లో ఉన్నాయి, బోధన ఎక్కువగా ఇంగ్లీషులో సాగింది. స్టూడియో తలుపు స్థానంలో ప్రవేశపరీక్ష వచ్చి నిలిచింది.

4.4 ప్రసారమే తరగతి గది: సైట్ ప్రయోగం, సార్వత్రిక విద్య

ఇదే కాలంలో ప్రసారాన్ని నేర్పడం కాకుండా, ప్రసారం ద్వారా నేర్పడం మొదలైంది. దీనికి ప్రధాన ఉదాహరణ ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం, అంటే సైట్. అమెరికాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక సంవత్సరం పాటు ఉపయోగించుకుని, 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు పంపారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ప్రసార భాషల్లో తెలుగు ఒకటి. ఉదయం బడి పిల్లలకు, సాయంత్రం వ్యవసాయం, ఆరోగ్యం వంటి అంశాలపై పెద్దలకు కార్యక్రమాలు ఉండేవి. ఊరిలో ఒకేచోట పెట్టిన టీవీ ముందు అందరూ కూర్చునేవారు. ఢిల్లీ, కటక్‌లతో పాటు హైదరాబాదులో నిర్మాణ కేంద్రం ఏర్పాటు చేశారు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభం కావడానికి ముందే ఇక్కడ తెలుగు టీవీ కార్యక్రమాలు తయారయ్యాయన్న మాట.

సైట్ నుంచి ప్రసారకులు నేర్చుకున్న ముఖ్య విషయం యంత్రాలకు సంబంధించింది కాదు. కార్యక్రమాలు చూసినవారు ఏమి గ్రహించారో తెలుసుకోవడానికి సామాజిక పరిశోధకులు గ్రామాల్లో ఉండి అధ్యయనం చేశారు. సంకేతం చేరడం వేరు, సందేశం చేరడం వేరు. ప్రేక్షక పరిశోధన అనే విభాగం నేటి ప్రసార కోర్సుల్లో ఎందుకు తప్పనిసరి అయిందో దీన్ని బట్టి మీకు అర్థమవుతుంది.

దూరవిద్యకు ప్రసారాలను జోడించే ఆలోచనకు బ్రిటన్ నమూనా అయింది. అక్కడి ఓపెన్ యూనివర్సిటీ 1971లో బీబీసీ సహకారంతో పాఠాల ప్రసారం ప్రారంభించింది. మన దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ఏర్పడింది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. దాని తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి, 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి ఉపకులపతి అయ్యారు. ముద్రిత పాఠంతో పాటు రేడియో, టీవీ పాఠాలు ఈ విద్యలో భాగమయ్యాయి. 1984లో యూజీసీ దేశవ్యాప్త తరగతి గది కార్యక్రమాన్ని దూరదర్శన్ ద్వారా మొదలుపెట్టింది. 2000లో జ్ఞానదర్శన్ టీవీ చానల్, 2001లో జ్ఞానవాణి రేడియో వచ్చాయి. 2017లో స్వయంప్రభ చానళ్లు, తెలంగాణలో టీశాట్ పేరుతో నడుస్తున్న చానళ్లు ఆ వరుసలోనివే.

దూరవిద్యా విద్యార్థిగా మీరు ఈ చరిత్రకు బయట లేరు. పాఠాన్ని గొంతుగా, చిత్రంగా మార్చే పని కూడా ఒక వృత్తే. విద్యా కార్యక్రమ నిర్మాత, పాఠ్య రచయిత, ఆన్‌లైన్ కోర్సు రూపకర్త వంటి ఉద్యోగాలు ఈ మార్గంలో పుట్టినవే.

4.5 ఆకాశ తరంగాలు ఎవరివి?

1990ల ఆరంభం వరకు దేశంలో ప్రసార హక్కు ప్రభుత్వం చేతిలోనే ఉంది. అందుకు ఆధారం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. 1993లో హీరో కప్ క్రికెట్ పోటీల ప్రసార హక్కులపై బెంగాల్ క్రికెట్ సంఘానికి, ప్రభుత్వానికి మధ్య వివాదం వచ్చింది. అది సుప్రీంకోర్టుకు చేరింది.

1995 ఫిబ్రవరి 9న వచ్చిన తీర్పు క్రికెట్‌ను దాటి చాలా దూరం వెళ్లింది. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని, వాటిని ప్రజాప్రయోజనం కోసం వినియోగించాలని, నియంత్రణకు స్వతంత్ర ప్రజాసంస్థ ఉండాలని న్యాయస్థానం చెప్పింది. తీర్పు చెప్పిన ముగ్గురు న్యాయమూర్తుల్లో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. ఆయన విడిగా రాసిన అభిప్రాయంలో, ప్రభుత్వ గుత్తాధిపత్యం ఎంత ప్రమాదమో ప్రైవేటు గుత్తాధిపత్యమూ అంతే ప్రమాదమని హెచ్చరించారు.

ఆ తరువాత జరిగింది మీకు తెలిసిందే. 1995లోనే తెలుగులో ప్రైవేటు చానళ్లు వచ్చాయి. 1997లో ప్రసారభారతి ఏర్పడింది. 2001 నుంచి ప్రైవేటు ఎఫ్‌ఎం కేంద్రాలు మొదలయ్యాయి. ఉద్యోగాలు పెరిగాయి. వ్యాఖ్యాతలు, విలేకరులు, వీడియో ఎడిటర్లు, గ్రాఫిక్స్ కళాకారుల కోసం గిరాకీ ఏర్పడింది. ప్రైవేటు శిక్షణ సంస్థలూ పుట్టుకొచ్చాయి. అయితే తీర్పు చెప్పిన "ప్రజలు" అనే మాటలో వ్యాపారం చేయలేనివారు కూడా ఉన్నారు. వారికి తరంగాల్లో చోటు దొరకడానికి మరికొన్నేళ్లు పట్టింది.

4.6 మాచనూరు అనుభవం

నేటి సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1980ల నుంచి దళిత మహిళా సంఘాలతో పనిచేస్తోంది. చిరుధాన్యాలు, సొంత విత్తనాలు, భూమి సాగు వారి ప్రధాన విషయాలు. యునెస్కో సహాయంతో 1990ల చివర్లో మాచనూరు గ్రామంలో ఒక స్టూడియో కట్టారు. కాని ప్రసారానికి అనుమతి లేదు. స్టూడియో ఉంది, చెప్పవలసిన విషయం ఉంది, చెప్పేవారు ఉన్నారు, తరంగం మాత్రం లేదు.

అందువల్ల ఆ మహిళలు కార్యక్రమాలను క్యాసెట్ల మీద రికార్డు చేసి, సంఘాల సమావేశాల్లో వినిపించారు. విన్నవారు అక్కడే చర్చించేవారు. 2000 జులైలో సామాజిక రేడియోను అనుమతించాలని కోరుతూ "పస్తాపూర్ ప్రతిపాదన" వెలువడింది. 2002లో ప్రభుత్వం విద్యాసంస్థలకు మాత్రమే అనుమతినిచ్చింది. ఆ విధానం కింద 2004లో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయంలో తొలి క్యాంపస్ రేడియో వచ్చింది. 2006లో లాభాపేక్ష లేని సంస్థలకూ అవకాశం కల్పించారు. చివరకు 2008 అక్టోబరు 15న మాచనూరు నుంచి సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. 2011లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో బోల్ హైదరాబాద్ పేరుతో మరో సామాజిక రేడియో ఏర్పడింది.

ప్రసార విద్య దృష్టితో చూస్తే మాచనూరు ఉదాహరణ రెండు విషయాలు చెబుతుంది. మొదటిది, ధ్వని ముద్రణ, ఎడిటింగ్ వంటి నైపుణ్యాలను పెద్ద చదువు లేనివారు కూడా శిక్షణతో నేర్చుకోగలరు. రెండోది, అనుమతి కోసం ఎదురుచూసిన దాదాపు పదేళ్లు వృథా కాలేదు. ఎదురుగా కూర్చుని వినే శ్రోతలతో వారు కార్యక్రమం చేయడం నేర్చుకున్నారు. ఆ అవకాశం ఎంతో ఖరీదైన స్టూడియోలో కూర్చున్నవారికి కూడా సులభంగా దొరకదు.

4.7 డిజిటల్ దశ: మారినవి, మారనివి

ఇప్పుడు లైసెన్సు, ట్రాన్స్‌మిటర్ లేకుండానే పాడ్‌కాస్ట్ చేయవచ్చు, యూట్యూబ్‌లో వీడియో పెట్టవచ్చు. ఒకప్పుడు నలుగురు చేసిన పనిని ఒక్కరే చేస్తున్నారు. ఇందులో స్వేచ్ఛ ఉంది, భారమూ ఉంది. వార్తను ప్రసారానికి ముందు సరిచూసే రెండో వ్యక్తి లేడు. కార్యక్రమం ఎవరికి చేరాలో సంపాదకుడు కాకుండా ఆ వేదిక కంప్యూటర్ లెక్కలు నిర్ణయిస్తున్నాయి. ఆదాయం స్థిరంగా ఉండదు.

మారనిది చెవికి రాసే విద్య. దాన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. పత్రికలో ఇలా రాయవచ్చు:

"గత వానాకాలంలో అధిక వర్షాల వల్ల పంట నష్టపోయి, ఇప్పటివరకు పరిహారం అందని రైతులకు వచ్చే సోమవారం నుంచి బ్యాంకు ఖాతాల్లో డబ్బు జమచేస్తామని అధికారులు తెలిపారు."

తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. పాఠకుడు కావాలంటే వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటాడు. శ్రోతకు ఆ వీలు లేదు, క్రియ వచ్చేదాకా అన్నీ గుర్తుపెట్టుకోవాలి. అందువల్ల రేడియోకు ఇలా రాస్తారు:

"పంట నష్టపోయిన రైతులకు వచ్చే సోమవారం నుంచి పరిహారం ఇస్తారు. గత వానాకాలంలో అధిక వర్షాలకు నష్టపోయి, ఇంకా డబ్బు అందనివారికి ఇది వర్తిస్తుంది. డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుందని అధికారులు చెప్పారు."

విషయం అదే. వాక్యానికి ఒక సమాచారం, ఎవరికి ఉపయోగమో మొదటే చెప్పడం, మాట్లాడే భాష – ఇవి తేడా. 1938లో మద్రాసు కేంద్రానికి, నేటి పాడ్‌కాస్ట్‌కు ఈ సూత్రం సమానమే. ఒక సాఫ్ట్‌వేర్ కొన్నేళ్లలో పాతబడుతుంది. ఈ నైపుణ్యం పాతబడదు.

4.8 వృత్తి మార్గాలు, కోర్సు ఎంపిక

ప్రసార రంగంలోని పనులను స్థూలంగా నాలుగు వర్గాలుగా విభజించవచ్చు. (అ) విషయం: స్క్రిప్టు రచన, వార్తా సేకరణ, పరిశోధన, సమాచార నిర్ధారణ. (ఆ) గొంతు, రూపం: వ్యాఖ్యానం, వార్తాపఠనం, డబ్బింగ్, శ్రవణ పుస్తకాల పఠనం. (ఇ) సాంకేతికం: ధ్వని ముద్రణ, కెమెరా, ఎడిటింగ్, ప్రసార ఇంజినీరింగ్, ఉపశీర్షికల తయారీ. (ఈ) నిర్వహణ: కార్యక్రమ ప్రణాళిక, ప్రేక్షక పరిశోధన, ప్రచారం, సామాజిక మాధ్యమాల నిర్వహణ. ప్రసార ఇంజినీరింగ్‌కు సాంకేతిక విద్యార్హత తప్పనిసరి. మిగిలిన వాటిలో చాలావరకు ఏ డిగ్రీ చదివినవారైనా తగిన శిక్షణతో ప్రవేశించవచ్చు. ప్రభుత్వ సమాచార శాఖల్లో చేరదలచినవారికి సివిల్ సర్వీసెస్ పరీక్ష ద్వారా ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీసు అనే మార్గం ఉంది.

ఇక్కడ ఒక వాస్తవం దాచకుండా చెప్పాలి. ఆకాశవాణిలో క్యాజువల్ వ్యాఖ్యాతగా ఎంపిక కావడం అంటే శాశ్వత ఉద్యోగం రావడం కాదు. డ్యూటీ చేసిన రోజుకే పారితోషికం ఉంటుంది. ప్రైవేటు చానళ్లలో, డిజిటల్ సంస్థల్లో ఒప్పంద నియామకాలు సాధారణం. కాబట్టి "వంద శాతం ఉద్యోగం" అనే ప్రకటన చూసి ఫీజు కట్టవద్దు. చేరే ముందు ఈ కింది ప్రశ్నలు అడగండి:

1. ఈ కోర్సులో నేను తయారుచేసిన కార్యక్రమం నిజంగా ప్రసారమవుతుందా, లేక అభ్యాసంగానే మిగిలిపోతుందా?
2. స్టూడియోలో ఒక్కో విద్యార్థికి ఎన్ని గంటలు దొరుకుతాయి?
3. తెలుగులో రాయడం, చదవడం, దిద్దడం నేర్పుతారా, సాఫ్ట్‌వేర్ మాత్రమే నేర్పుతారా?
4. మాధ్యమ చట్టాలు, నైతిక సూత్రాలు, సమాచార నిర్ధారణ పాఠ్యప్రణాళికలో ఉన్నాయా?
5. దూరవిద్యలో అయితే, ఆ కోర్సుకు యూజీసీ దూరవిద్యా విభాగం గుర్తింపు ఉందా?

కోర్సులో చేరకముందే మీరు చేయగలిగిన పని కూడా ఉంది. ఆకాశవాణి యువవాణి కార్యక్రమం 1969 నుంచి యువతకు అవకాశమిస్తోంది. మీ దగ్గర సామాజిక రేడియో ఉంటే వెళ్లి పని అడగండి. ఏదీ లేకపోతే ఫోనులో మీ ఊరి చెరువు గురించో, రేషను దుకాణం గురించో ఐదు నిమిషాల కార్యక్రమం రికార్డు చేసి, ఆ ఊరివారికే వినిపించండి. ఎక్కడ వారి దృష్టి మళ్లిందో గమనించండి. మాచనూరు మహిళలు మొదలుపెట్టింది కూడా ఈ విధంగానే.

4.9 సారాంశం

భారతదేశంలో ప్రసార విద్య మొదట స్టూడియోలో, పనిలోనే జరిగింది. 1950ల తరువాత విశ్వవిద్యాలయాలు దానికి క్రమపద్ధతిని ఇచ్చాయి, కాని కొద్దిమందికే అందించాయి. సైట్ ప్రయోగం, సార్వత్రిక విశ్వవిద్యాలయాలు ప్రసారాన్నే విద్యా సాధనంగా మార్చాయి. 1995 తీర్పు ఆకాశ తరంగాలు ప్రజలవని ప్రకటించింది. మాచనూరు సంఘం రేడియో ఆ మాటకు గ్రామీణ రూపం ఇచ్చింది. డిజిటల్ సాధనాలు ప్రవేశాన్ని సులభం చేశాయి, బాధ్యతను ఒక్కరి మీదే పెట్టాయి. ఈ దశలన్నిటిలోనూ నిలిచిన నైపుణ్యాలు మూడు: విషయ పరిజ్ఞానం, భాష మీద పట్టు, శ్రోతను అర్థం చేసుకోవడం. మీరు ఎంచుకునే కోర్సు ఈ మూడింటిలో మీకు ఏమిస్తుందో చూసుకోవడమే ఈ చరిత్ర నుంచి మీరు తీసుకోవలసిన పాఠం.

4.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. తొలినాటి తెలుగు రేడియోలో పనిచేసినవారు ఏయే రంగాల నుంచి వచ్చారు? ఆ పద్ధతిలోని బలాన్ని, లోపాన్ని తెలపండి.
2. సైట్ ప్రయోగం ప్రసారకులకు నేర్పిన ముఖ్య విషయం ఏమిటి?

II. కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. 1995 సుప్రీంకోర్టు తీర్పు నేపథ్యాన్ని వివరించి, సామాజిక రేడియో అభివృద్ధితో దానికి గల సంబంధాన్ని చర్చించండి.
2. యంత్రాలు మారినా మారని ప్రసార నైపుణ్యాలను ఉదాహరణలతో వివరించండి.

III. అభ్యాసం
ఈ రోజు దినపత్రికలోని ఏదైనా ఒక వార్తను తీసుకుని, చెవికి అనువుగా ఆరు వాక్యాల్లో తిరగరాయండి. బిగ్గరగా చదివి ఇంట్లో ఒకరికి వినిపించి, వారికి గుర్తున్న విషయాలను వారి మాటల్లోనే రాసుకోండి.